‘అక్క’ అని రాసి ఉన్న మీట

చంద్రగిరి,
ఫిబ్రవరి 19

చెల్లీ కోమలీ,

పొద్దున నీ పేరు, మరిదిగారి పేరు చెప్పి ప్రార్థన చేసుకున్నాను. తర్వాత ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. పెండ్లయి వచ్చిన కొత్తలో నాయనకు రాసేదాన్ని. ఫోన్లు వచ్చినాక చెయ్యి మరిచిపోయింది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, పోయిన ఆదివారం నువ్వు ఫోన్లో అడిగినదానికి నేను చెప్పిన జవాబు నిజం కాదు. ఆ నిజం ఫోన్లో చెప్పలేను. ఈ ఇంట్లో ఎక్కడ నిలబడి మాట్లాడినా మీ బావకు వినబడుతుంది. వాట్సాప్‌లో పెడదామంటే నాకు టైపు చేసిపెట్టేది నిస్సీ. తండ్రి మీది మాట కూతురి చేత రాయించలేను కదా. అందుకని పెన్ను పట్టుకున్నాను.

"అక్కా, చర్చి లైవ్‌లో నీ చేతులు కదులుతా ఉండాయి గానీ గిటారు ఇనపడదే, ఏమి?" అని నువ్వు అడిగినావు. నెట్టు సరిగా లేదులే అన్నాను. అప్పటికి నేను అట్లే అనుకున్నాను కూడా. కానీ ఫోను పెట్టేసినాక ఒక మాట మనసులో తిరగడం మొదలుపెట్టింది. కీబోర్డు వినబడుతోంది, పాస్టరుగారి గొంతు వినబడుతోంది, తబలా వినబడుతోంది. నెట్టు నా ఒక్కదాని శబ్దాన్నే ఎట్లా మింగుతుంది?

చర్చి ఇప్పుడు నువ్వు చూసినట్టు లేదు. లైవ్ పెట్టినాక తలుపు పక్కన ఒక బల్ల వేసి దాని మీద మిక్సరు పెట్టినారు. మోటార్లకు వైండింగ్ చేసే చెయ్యి కాబట్టి మీ బావే దాన్ని చూసుకుంటాడు. అందరి వైర్లూ అక్కడికే పోతాయి. అక్కడినుంచి శబ్దం గోడల మీది పెద్ద స్పీకర్లకూ, లైవ్ ఫోనుకూ వెళుతుంది. వాయించేవాళ్ళకు తమది తమకు వినబడాలని కాళ్ళ దగ్గర ఒక చిన్న స్పీకరు వేరే ఉంటుంది. దానికి మిక్సరులో వేరే తిప్పుడు మీట. నా కాళ్ళ దగ్గరి పెట్టెలో నా గిటారు నాకు చక్కగా వినబడుతూనే ఉంది. ఇంక అనుమానం ఎందుకు వస్తుంది?

సోమవారం చర్చి ఊడ్చే వంతు నాది. బల్ల మీద దుమ్ము తుడుస్తూ మిక్సరు మీది గుడ్డ తీసినాను. పైకీ కిందికీ జరిపే మీటలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కింద తెల్ల ప్లాస్టరు అంటించి మీ బావ చేతిరాతతో పేర్లు రాసి ఉన్నాయి. పాస్టరు, కీబోర్డు, తబలా, అక్క. చర్చిలో అందరూ నన్ను అక్కా అనే పిలుస్తారు కదా, అందుకని అట్లా రాసినాడు. ఆ ‘అక్క’ మీట అట్టడుగున ఉంది. పైకి జరగకుండా దాని మీద అడ్డంగా నల్ల టేపు వేసి ఉంది. టేపు అంచుల్లో జిగురు కారి, ఆ జిగురుకు దుమ్ము పట్టి గట్టిపడిపోయి ఉంది. ఒక వారందో రెండు వారాలదో కాదది.

గుడ్డ మళ్ళీ కప్పేసినాను. మిగతా హాలంతా ఊడ్చి, తాళం వేసి ఇంటికి వచ్చినాను. మీ బావకు సంగటి పెట్టినాను. ఏమీ అడగలేదు.

కోపమా అంటే, కోపం కాదు. నాయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నప్పుడు, ఆ పరదేశి డాక్టరుగారు తమ దేశానికి పోతూ ఈ పెడళ్ళ గిటారును నాయన చేతిలో పెట్టినారు. నాయన మనిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పించినాడు. నీకు ఓపిక లేక లేచిపోయినావు, నేను ఉండిపోయినాను. చర్చికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ దాన్ని చూసి, "సంతోషమ్మక్కా, ఈడ కూడా కుట్టుమిషను తొక్కుతుండావా" అంటారు. నాలుగు కాళ్ళ బల్ల, పైన తీగలు, కింద పాదాలతో తొక్కే పెడళ్ళు, మోకాళ్ళతో జరిపే మీటలు చూసి వాళ్ళు అట్లా అనుకోవడంలో తప్పు లేదు. నేను నవ్వుతాను. కానీ ఇంతకాలం నేను తొక్కింది నిజంగా కుట్టుమిషనే అయిపోయింది చూడు. కాదులే, కుట్టుమిషను చప్పుడైనా పక్కవాళ్ళకు వినబడుతుంది.

ఒక నిర్ణయానికి వచ్చినాను. ఇప్పుడే మానేస్తే ఎందుకని అందరూ అడుగుతారు, శ్రమకాలంలో ఆ మాటలు వద్దు. ఈస్టరు దాకా కూర్చుంటాను. తర్వాత ఆ గిటారు పెట్టె సూళ్లూరుపేటకు నీ దగ్గరికి పంపించేస్తాను. అది నాయన వస్తువు. నాకెంత హక్కుందో నీకూ అంతే ఉంది. నడుం నొప్పి వల్ల మానేస్తున్నానని ఇక్కడ చెబుతాను. వద్దనకు, ఊరికే సరే అను.

నీ అక్క,
సంతోషమ్మ

*

చంద్రగిరి,
మార్చి 14

కోమలికి, అక్క ప్రేమతో,

నువ్వు సరే అనలేదు. "పంపిద్దువులే గానీ, ముందు ఒక తూరి మంచి స్పీకర్లో ఇను. నాయన యాంప్లిఫయరు పోయినాక నువ్వు దాన్ని ఎప్పుడన్నా ఇన్నావా అసలు?" అన్నావు. రెండు రోజులు ఆ మాటే తిరిగింది. నిజమే. నాయన యాంప్లిఫయరులో వెలిగే వాల్వు కాలిపోయి, అట్లాంటిది మళ్ళీ దొరకక, దాన్ని అటక మీద పెట్టేసినాక నేను ఏది దొరికితే దాంట్లో వైరు పెట్టి వాయించినాను. చివరికి మిక్సరులో పెట్టినారు. ఆ కాళ్ళ దగ్గరి పెట్టెలో వినబడేదే నా శబ్దం అనుకుంటూ వచ్చినాను.

భోజనం దగ్గర మీ బావతో, "నాకు సొంతంగా ఒక యాంప్లిఫయరు, స్పీకరు కావాల" అన్నాను.

"మిక్సరు ఉండాది కదా, ఇంకేమిటికి?" అన్నాడు.

"ఉంటే ఉండనీండి. నాకు కావాల."

నేను ఏదైనా కావాలని అడగడం ఆయనకు అలవాటు లేదు. ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు నా ముఖం చూసినాడు. తర్వాత, "మద్రాసులో అయితే అన్ని రకాలూ పెట్టి వాయించి చూడనిస్తారు. గిటారు పెట్టె నేను మోస్తా" అన్నాడు. అంతే. ఎందుకు అని రెండోసారి అడగలేదు. అడగకపోయేసరికి, టేపు సంగతి నాకు తెలిసిందని ఆయనకూ తెలిసిందేమో అనిపించింది.

నిస్సీని ఇంట్లో ఉంచి ఇద్దరమే తిరుపతిలో రైలెక్కినాం. ఆయన ఆ పెట్టెను భుజం మీద పెట్టుకుని మెట్లెక్కి దిగి, ఎక్కడా కూలీ చేతికి ఇవ్వలేదు. దారి పొడవునా మాట్లాడుకున్నది మంచినీళ్ళ సీసా గురించే.

మద్రాసులో వాద్యాల అంగట్లో తెలుగు కుర్రవాడు ఒకడు పెట్టె చూసి, "మనవడికా ఆంటీ?" అన్నాడు. నాకే అంటే నమ్మలేదు. కాళ్ళు బిగించి, పెడళ్ళకు కడ్డీలు తగిలించి, వేళ్ళకు తీగలు మీటే గోళ్ళు తొడుక్కుని కూర్చునేసరికి ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు చేరినారు. "ఇది నేను యూట్యూబ్‌లోనే చూసినాను ఆంటీ, నిజంగా చూసేది ఇదే ఫస్టు" అన్నాడు ఆ పిల్లవాడు. మర్యాదస్థుడే.

ముందు మామూలు గిటారు యాంప్లిఫయరు పెట్టినాడు. నెమ్మదిగా వాయించినంతసేపు ముద్దుగా ఉంది. నేను వాయించే పద్ధతి నీకు తెలుసు కదా. తీగ మీటగానే పూర్తి శబ్దం ఇవ్వకూడదు. కుడి పాదం కింద వాల్యూము పెడలును సగంలో ఉంచి, స్వరం తగ్గిపోయే కొద్దీ పాదాన్ని కిందికి నొక్కుతూ పోవాలి. అప్పుడే అది పాడే మనిషి గొంతులాగా నిలబడుతుంది. అట్లా నొక్కేటప్పుడు ఇవ్వడానికి యాంప్లిఫయరులో బలం మిగిలి ఉండాలి. దీంట్లో లేదు. సగం నొక్కేసరికి గరగరమంది. "ఆ గరగర కోసమే కొంటారు ఆంటీ ఇది" అన్నాడు పిల్లవాడు. వాళ్ళకు కావాల్సింది అది, నాకు అక్కర్లేదు.

రెండోది బేస్ గిటారుది. బలం ఉంది, స్పీకరూ పెద్దదే, పదిహేను అంగుళాలు. కింది తీగలు గుండె మీద చెయ్యి వేసినట్టు పలికినాయి. పై తీగలు మాత్రం గోనెసంచిలో మూటకట్టినట్టు అయిపోయినాయి.

మూడోది కీబోర్డుకు వాడేది. అదీ పదిహేను అంగుళాలే, దాని పైన సన్నశబ్దానికి ఒక చిన్న కొమ్ము ఉంది. కీబోర్డులో కిందినుంచి పైదాకా అన్ని స్వరాలూ ఉన్నవి ఉన్నట్టు రావాలి కాబట్టి ఇది దేన్నీ మార్చదు, ఎంత నొక్కినా శబ్దం పగలదు అన్నాడు. సరే, చర్చిలో ఎట్లా వాయిస్తానో అట్లే చూద్దామని, గిటారు పక్కన పెట్టుకునే, శబ్దం సర్దుకునే నా చిన్న పెట్టె తగిలించి, సన్నశబ్దం మీట ఎప్పుడూ పెట్టే చోట, అంటే చివరిదాకా, తిప్పి పెట్టినాను. వారం వారం మొదట వాయించే కీర్తన ఎత్తుకున్నాను.

కోమలీ, మొదటి స్వరానికే నా భుజాలు పైకి లేచినాయి. ఆ పిల్లవాడు రెండు చెవులూ మూసుకుని, "అయ్యో ఆంటీ, రంపం పెట్టి కోస్తా ఉండారే!" అన్నాడు. పక్క గదిలోనుంచి ఎవరో తలుపు వేసుకున్నారు.

స్పీకరు చెడిపోయిందా అన్నాను. లేదు అన్నాడు. మీ బావ ముఖం చూసినాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"చర్చిలో కూడా ఇట్లేనా వచ్చేది?" అని అడిగినాను.

"ఇంకా ఎక్కువే" అన్నాడు.

"అందుకేనా ఆ టేపు?"

"జ్ఞానాంబవ్వ చెవులు కోస్తా ఉండాదని లేచి బయటికి పోయె. ఇంకా ఇద్దరు ముగ్గురు చెప్పినారు. పాస్టరుగారు కొంచెం తగ్గించమన్నాడు. కొంచెం కొంచెం తగ్గిస్తా తగ్గిస్తా వచ్చినా. చెయ్యి తగిలి మళ్ళా పైకి పోతుందని టేపు వేసినా. నీ కాళ్ళ కాడి పెట్టె మాత్రం ఒక్క దినం కూడా తగ్గించలే" అన్నాడు. ఆ చివరి మాట నాకు చేసిన మేలు చెప్పుకుంటున్నట్టే చెప్పినాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"కండ్లు మూసుకుని వాయిస్తా ఉంటావు. ఏమని చెప్పేది? దేవునికి ఇనపడతానే ఉండె కదా."

"దేవునికి స్పీకరు అక్కర్లేదు. స్పీకర్లు పెట్టుకున్నది మనుషుల కోసం" అన్నాను. గట్టిగా అనలేదు. ఆ పిల్లవాడు మాత్రం వైర్లు చుట్టే నెపంతో లోపలికి పోయినాడు.

కానీ నాకు ఇంకొకటి అర్థం కాలేదు. అదే మీట, అదే చోటు. వారం వారం నా చెవికి బాగుండేది ఇక్కడ రంపం ఎట్లా అయింది? కూర్చుని ఆలోచించినాను. చర్చిలో నాకూ ఇక్కడ నాకూ తేడా ఏమి? తల తడుముకున్నాను. ముసుగు లేదు.

లైవ్ మొదలుపెట్టినప్పుడు పాస్టరుగారు చెప్పినారు, వేదిక మీద కూర్చునే ఆడవాళ్ళ ముసుగులు జారకూడదు, కెమెరాలో బాగుండదు అని. పాడేవాళ్ళయితే ఒక చేత్తో సర్దుకుంటారు. నాకు ఎడమ చేతిలో తీగల మీద జరిపే ఇనుప కడ్డీ, కుడి చేతికి గోళ్ళు. అందుకని కొంగు రెండు మడతలు వేసి, చెవుల మీదుగా బిగించి, గడ్డం కింద పిన్నులు పెట్టుకోవడం మొదలుపెట్టినాను. అప్పటినుంచే శబ్దం మందంగా ఉందనిపించి సన్నశబ్దం మీట కొంచెం కొంచెం పెంచుతూ పోయినాను. ఆ పైన స్పీకరేమో నేలమీద, గిటారు చెక్క కింద, నా మోకాళ్ళకు వినిపిస్తూ.

అక్కడే, అంగట్లోనే, కొంగు తీసి చర్చిలో మాదిరి బిగించి కప్పుకుని మళ్ళీ వాయించినాను. బాగుంది. తీసేసి వాయించినాను. రంపం. మళ్ళీ కప్పుకున్నాను, మళ్ళీ తీసినాను. మీ బావ చూస్తూనే ఉన్నాడు. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఆ సన్నశబ్దం మీటను వెనక్కి, సగానికన్నా కిందికి తిప్పినాను. కొమ్మును పూర్తిగా ఆపేయమన్నాను. స్పీకరును ఒక స్టూలు మీదికి ఎత్తించి, నా వీపు వెనక, చెవి ఎత్తున పెట్టించుకున్నాను. నాయన ఎప్పుడూ అట్లే పెట్టుకునేవాడు, వెనకనుంచి వింటే ఎదుటివాళ్ళు విన్నట్టే మనకూ వినబడుతుంది. అప్పుడు వాయించినాను.

ఎట్లా ఉందో రాయలేను. పిల్లవాడు లోపలినుంచి వచ్చి నిలబడినాడు, అంతవరకే రాస్తాను. ఆ మూడోదే తీసుకున్నాం. "రేపు మనవడికి కీబోర్డు కొంటే దీంట్లోనే పెట్టుకోవచ్చు ఆంటీ" అన్నాడు, మనవణ్ణి ఇంకా వదల్లేదు పాపం.

ఒక విషయం మాత్రం చెబుతాను. నా శబ్దం చెడ్డగా ఉందని వాళ్ళు అన్నది నిజమే, ఒప్పుకుంటాను. దాని మీద నాకు బాధ లేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని లెక్కపెట్టుకున్న బాధ వేరే. ఒక్క మాట చెప్పి ఉంటే ఒక్క రోజులో సరిచేసుకునేదాన్ని. చెప్పకుండా, నన్ను నా ఒక్కదానికే వినిపిస్తూ కూర్చోబెట్టినాడు. పసిపిల్లకు వైరు తెగిన ఫోను చేతికిచ్చి మాట్లాడుకోమన్నట్టు.

పెట్టె నీ దగ్గరికి పంపాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. స్పీకరు కొన్నంత మాత్రాన తేలేది కాదు అది.

సంతోషమ్మ

*

చంద్రగిరి,
ఏప్రిల్ 27

నా తోడబుట్టిన కోమలికి,

ఇది చివరి ఉత్తరం అనుకుంటాను. ఇంక ఫోన్లో మాట్లాడుకునేంత మామూలుగా అయిపోయింది సంగతి.

మద్రాసునుంచి వచ్చిన సాయంత్రమే మీ బావ చర్చికి పోయి ఆ టేపు పీకేసి వచ్చినాడు. గోటితో జిగురు కూడా గీకినట్టున్నాడు, వేళ్ళు నల్లగా ఉన్నాయి. "తీసేసినా. ఆదివారం నుంచి మీట పైకి పెడతా. కొత్త యాంప్లిఫయరునుంచి మిక్సరుకు ఒక వైరు లాగితే సరిపోతుంది" అన్నాడు.

"వైరు వద్దు" అన్నాను.

"మరి హాలుకు యాడ ఇనపడుతుంది?"

"ఆ స్పీకరే చాలు మన హాలుకు. అది పెట్టుకున్నదే అందుకు. ఎక్కువైతే నా పాదం తగ్గిస్తుంది. తక్కువైతే నా పాదమే పెంచుతుంది. బాగాలేకపోతే నా ముఖాన చెప్పండి, ఎవరైనా సరే."

"లైవ్‌లో రాదు మరి. మిక్సరులోకి వస్తేనే లైవ్‌కు పోయేది" అన్నాడు.

అది నేను ఆలోచించుకున్నదే. మిక్సరులోకి పోతే ఊరూరా వింటారు, నువ్వూ వింటావు, కానీ మళ్ళీ ఆయన వేలి కిందికి పోతాను. పోకపోతే హాల్లోవాళ్ళే వింటారు. రెండు రోజులు మోకాళ్ళ మీద ఉండి అడిగినాను దేవుణ్ణి. నీకు వినబడకపోయినా పర్వాలేదు అనిపించింది. కోపగించుకోవద్దు. ముందు ఎదురుగా కూర్చున్నవాళ్ళకు, ఎవరి వేలూ అడ్డం లేకుండా వినబడాలి, దూరంగా ఉన్నవాళ్ళ సంగతి తర్వాత.

మొదటి ఆదివారం సండే స్కూలు బల్ల మీద స్పీకరు పెట్టించుకున్నాను. ముసుగు వేసుకున్నాను, కానీ చెవుల వెనక్కి తీసి పిన్నులు పెట్టుకున్నాను. పాస్టరుగారు ప్రార్థనకు ముందు దగ్గరికి వచ్చి, "అక్కా, చెవులు కనబడతా ఉండాయి" అన్నారు మెల్లగా.

"తల కప్పుకున్నాను కదా అయ్యగారూ. చెవులు మూసుకోవాలని యాడన్నా ఉందా?" అన్నాను.

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించినారు. "లేదులే అక్కా" అని నవ్వి పోయినారు.

కీర్తన ఎత్తుకున్నాక కండ్లు మూసుకోలేదు. ఈసారి తెరిచే వాయించినాను. మొదటి చరణానికే ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి గోడ మీది స్పీకర్లకేసి చూసినారు, శబ్దం అక్కడినుంచి వస్తుందేమోనని. తర్వాత నాకేసి చూసినారు. జ్ఞానాంబవ్వ లేచి బయటికి పోతుందేమోనని ఆమెనే గమనిస్తున్నాను. పోలేదు. ఆరాధన అయినాక కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏమమ్మే సంతోషమ్మా, ఇన్నాళ్ళూ ఏమైపోయినావు? ఊరికే చేతులాడిస్తా కూసోనుంటివి" అంది.

"నువ్వే కదవ్వా చెవులు కోస్తా ఉండాదని పోయింది" అన్నాను.

"కోసింది కాబట్టి కోసిందన్నా. ఈ పొద్దు కోయలేదు కాబట్టి కూసున్నా. దానికేమిప్పుడు?" అని, "రెండో పాటలో యాడనో ఒక చోట తప్పినావు, సూసుకో" అని చెప్పి పోయింది. నిజమే, తప్పినాను. ఇంటికి వచ్చి ఆ చోటు మళ్ళీ మళ్ళీ వాయించుకున్నాను. ఎన్నాళ్ళయిందో ఒకరు నా తప్పు నాకు చెప్పి. అన్నం కూడా ఆ పూట రుచిగా తిన్నాను.

మీ బావ సంగతి రాయాలి. ఆయన క్షమించమని నోటితో అడిగే మనిషి కాదు. నేనూ అడిగించను. ఈస్టరు ముందురోజు ఒక మైకు, చిన్న స్టాండు పట్టుకుని వచ్చి, చిన్నపిల్లవాడు నిలబడినట్టు నిలబడి, "నీ స్పీకరు ముందర ఇది పెట్టనా? లైవ్‌కు మాత్రమే పోతుంది. హాలుకు పోదు. పెట్టమంటేనే పెడతా" అన్నాడు.

ఆయన నన్ను ఏదైనా చేయనా వద్దా అని అడగడం, మా పెండ్లి అయినాక నాకు గుర్తున్నంతవరకు అదే మొదలు. కాదనాలని లేదు. అయినా, "ఈ వారం వద్దు. మళ్ళా అడగండి" అన్నాను.

మరుసటి వారం మళ్ళీ అడిగినాడు. వద్దన్నాను. నిన్న కూడా ఆరాధనకు ముందు మైకు చేతిలో పట్టుకుని వచ్చి అడిగినాడు. వద్దన్నాను. సణగలేదు. మైకు తీసుకుపోయి సంచిలో పెట్టుకున్నాడు. వచ్చే వారం కూడా తెస్తాడు. ఇందులో పాపం ఉందేమో నాకు తెలియదు, ఉంటే దేవుడు చూసుకుంటాడు. ఏదో ఒక ఆదివారం సరే అంటాను. ఇంకా కొన్నాళ్ళు ఆయన అడగాలి.

పెట్టె నీ దగ్గరికి పంపడం లేదు. వినాలనిపిస్తే రైలెక్కి రా. ముందు వరసలో చాప వేయిస్తాను.

ఈ మూడు ఉత్తరాలూ పారేయకు. నీ బీరువాలో చీరల కింద ఎక్కడైనా పెట్టుకో. మరిదిగారికి చూపించకు, నిస్సీ వచ్చినప్పుడు దానికీ చూపించకు. అది తండ్రిని బాగా చూసుకుంటోంది, అట్లే చూసుకోనీ. నేను రాసుకున్నవి నీ దగ్గర ఉన్నాయని నాకు తెలిస్తే చాలు.

నీ
సంతోషమ్మక్క